హార్బర్ లోపల ఫైబర్ బోటు తోలేటప్పుడు: రేజు ఎక్కడ తగ్గించాలి, తాడు ఎక్కడ కట్టుకోవాలి

జూన్ 14 అర్ధరాత్రి దాటాక విశాఖ ఫిషింగ్ హార్బర్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. 61 రోజుల వేట నిషేధం అయిపోతుంది, అప్పటిదాకా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న బోట్లన్నీ ఒకేసారి కదులుతాయి, ఐసు ఎక్కించేవాళ్లు, డీజిలు మోసేవాళ్లు, ఈ బోటు మీంచి ఆ బోటు మీదకి దూకేవాళ్లు, ఆ సందులోంచి ఫైబర్ బోటును బైకులా తోలుకుపోయే కుర్రాడు ఒకడు. ఆ కుర్రాడి కోసమే ఇది. ఒకప్పుడు నేనూ ఆ కుర్రాడినే.

తమ్ముడూ, బోటుకి బ్రేకు లేదు. 15 నాట్స్ అంటే గంటకి 28 కిలోమీటర్లే, రోడ్డు మీద అయితే వెనకాల ఆటోవాడు హారన్ కొడతాడు. నీళ్ల మీద అది సెకనుకి దాదాపు 8 మీటర్లు. పెద్ద బోటు చాటునుంచి 40 మీటర్ల దూరంలో ఒక తెప్ప బయటికొస్తే నీ చేతిలో ఉండేది 5 సెకన్లు. అదే 4 నాట్స్‌లో పోతుంటే 20 సెకన్లు, ఆలోచించుకుని, కేకేసి, న్యూట్రల్‌కి తెచ్చి, రివర్స్ కూడా వేయొచ్చు.

"తగ్గించానుగా అన్నా" అంటారు చాలామంది, సగం తగ్గిస్తారు. అది పూర్తి స్పీడు కంటే దరిద్రం. నీళ్ల మీద తేలుతూ పోతున్న బోటుకి రేజు సగం తగ్గిస్తే వెనకభాగం దిగబడుతుంది, ముక్కు పైకి లేస్తుంది, నీకు ముందేమీ కనిపించదు, అన్నిటికంటే పెద్ద అల లేచేది కూడా అప్పుడే. ఆ అలకి కట్టేసి ఉన్న రెండు బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, మధ్యలో ఎవరి కాలో చెయ్యో ఉంటే అంతే. పొయ్యి మీద అన్నం వండుకుంటున్న కళాసీ సంగతీ ఆలోచించు. కాబట్టి ముక్కు సమంగా దిగి, వెనకాల అల చచ్చిపోయేదాకా తగ్గించాలి. మొదటి బోటు దగ్గరికి వచ్చాక కాదు, చాలా ముందే, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా కట్ చేస్తే నీ అలే వెనకనుంచి వచ్చి నీ బోటులోకి ఎక్కుతుంది.

నీళ్లలో మనుషులు ఉంటారన్నది మర్చిపోకు. ఒకసారి రెండు బోట్ల మధ్యనుంచి పోతుంటే బోటు కింద ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న వల కోస్తున్న పెద్దాయన తల నా పక్కన, రెండు బారల దూరంలో లేచింది. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అప్పటినుంచీ ఒకటి గమనిస్తాను: బోటు అంచున ఎవరైనా తాడు పట్టుకుని నీళ్లలోకే చూస్తుంటే కింద మనిషి ఉన్నాడని అర్థం.

మనిషి నీ బోటు పక్కనే మరీ దగ్గరగా కనిపిస్తే ఏం చేయాలి? ముందు న్యూట్రల్. తిప్పక తప్పకపోతే ముక్కును మనిషి వైపే తిప్పాలి. వింతగా అనిపిస్తుంది గానీ, బోటు మధ్యలో మేకు కొట్టినట్టు తిరుగుతుంది, ముక్కు అటు పోతే వెనకభాగం ఇటు వస్తుంది. మనిషికి దూరంగా తిప్పావంటే ప్రొపెల్లర్‌ని అతని మీదకే విసిరినట్టు.

లంగరు వేసి ఉన్న బోటుకి ముందునుంచి పోకు, లంగరు తాడు అటే ఉంటుంది. వెనకనుంచి పో, అయితే అక్కడ వల వేలాడుతోందేమో చూసుకో.

ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిప్పాలి. అడ్డంగా వస్తే, అవతలి బోటు నీ కుడిచేతి వైపు ఉంటే దారి ఇవ్వాల్సింది నువ్వే. ఢీకొంటామో లేదో తేల్చుకోడానికి సులువైన పద్ధతి ఉంది: అవతలి బోటు నీ బోటులోని ఏదో ఒక గుర్తుకి, ఉదాహరణకి జెండా కర్రకి, సూటిగా ఉందనుకో. అది కాసేపటికి ముందుకో వెనక్కో జరిగితే పర్లేదు. అక్కడే ఉండి పెద్దదవుతుంటే గుద్దుకోబోతున్నారు.

ఇక ఎర్ర తాడు, అదే కిల్ స్విచ్ తాడు, లాగితే మోటారు ఆగిపోతుంది. బోటు వెనకాల తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు దాదాపు ప్రతిదానికీ వస్తుంది, దాన్ని మోటారుకే చుట్టేసి తోలేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. అది కట్టుకోకుండా నువ్వు జారి పడితే మోటారు ఆగదు, హ్యాండిల్ ఒక పక్కకి పడిపోయి బోటు గుండ్రంగా తిరిగి తిరిగి నీ దగ్గరికే వస్తుంది. 2013 మే నెలలో ఇంగ్లండ్‌లోని ప్యాడ్‌స్టో దగ్గర ఒక కుటుంబం మొత్తం స్పీడ్‌బోటులోంచి పడిపోయింది, తాడు కట్టుకోలేదు, ఖాళీ బోటు వాళ్ల మీదకే తిరిగొచ్చింది, ఇద్దరు చనిపోయారు. మణికట్టుకో మోకాలి కిందో కట్టుకో. రోజూ పొద్దున మోటారు స్టార్ట్ చేసి తాడు లాగి చూడు, ఆగకపోతే ఆ రోజు జెట్టీ దాటకు.

రిపేరు నుంచి వచ్చిన మోటారు "ఎంత లాగుతుందో చూద్దాం" అని జనం మధ్యలో చూడకు. 2024 డిసెంబర్ 18న ముంబయిలో ఎలిఫెంటాకి వెళ్తున్న ఫెర్రీని గుద్దిన నేవీ స్పీడ్‌బోటు చేస్తున్నది ఇంజన్ ట్రయలే. 15 మంది పోయారు. ట్రయల్ చేయాలంటే బయట ఖాళీ నీళ్లకి పో, తోడు మనిషిని తీసుకుపో.

రాత్రిపూట 7 మీటర్లలోపు ఉండి, 7 నాట్స్ మించి పోలేని బోటుకి చుట్టూ కనిపించే తెల్ల లైటు ఒకటి చాలు. అంతకంటే పెద్దదైనా, అంతకంటే వేగంగా పోగలిగేదైనా ఎరుపు, ఆకుపచ్చ లైట్లు కూడా కావాలి. సెల్‌ఫోను టార్చి లైటు కింద లెక్క కాదు, పైగా ఎదుటివాడి కళ్లలో పడితే వాడికి నువ్వే కనిపించవు.

అయినా గుద్దుకున్నారనుకో, గొడవ తర్వాత పెట్టుకోవచ్చు. మోటారు ఆపు, రెండు బోట్లలోనూ మనుషుల్ని లెక్కపెట్టు, నీటిమట్టం దగ్గర ఫైబర్ పగిలిందేమో చేత్తో తడిమి చూడు. మనిషి తగ్గితే కోస్ట్ గార్డ్ నంబరు 1554, వీహెచ్ఎఫ్ రేడియో సెట్ ఉంటే 16వ ఛానెల్.