ఎండలు ముదరకముందే ప్రాసెసర్ సంగతి చూసుకోండి

మామూలు రోజుల్లో ప్రాసెసర్ 75 డిగ్రీలు చూపిస్తే ఎవరూ పట్టించుకోరు. అదే కంప్యూటర్, అదే పని, గది మాత్రం 12 డిగ్రీలు వేడెక్కితే ఆ అంకె కూడా దాదాపు అంతే పెరిగి 87 దగ్గర తేలుతుంది. ప్రాసెసర్ మీద బిగించే కూలర్ ఎంత ఖరీదైనదైనా వేడిని వదిలేది గదిలోని గాలిలోకే. కాబట్టి కూలర్ పనితీరు తెలియాలంటే ప్రాసెసర్ వేడి ఒక్కటే చూస్తే సరిపోదు, అందులోంచి గది వేడిని తీసేసి చూడాలి.

ఆ తేడాను ఇప్పుడే రాసి పెట్టుకోండి. వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, పక్కన ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టే సినీబెంచ్ అనే పరీక్షను ఓ పది నిమిషాలు నడపండి. ఇదివరకు 50 ఉన్న తేడా ఇప్పుడు 60 అయిందంటే లోపల దుమ్మో, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్టో, సరిగ్గా తిరగని ఫ్యానో ఉన్నట్టే. ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 7000 సిరీస్‌లో పెద్ద ప్రాసెసర్ల దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు. పూర్తి లోడ్ పడితే కావాలనే 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడ ఆగేలా వాటిని తయారుచేశారు. వాటికి వేడి బదులు ఎన్ని గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడుతున్నాయో రాసుకోవాలి.

ఎండల్లో ప్రాసెసర్ కాలిపోతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే కంప్యూటరే ఆగిపోతుంది. మనకు పోయేది వేగం, మనశ్శాంతి. ఫ్యాన్ల మోత అలా ఉంటుంది మరి.

ముందు దుమ్ము. క్యాబినెట్ జాలీ తుడిచేసి పనైపోయిందనుకుంటారు చాలామంది. అసలు దుమ్ము అక్కడ ఉండదు. కూలర్ మీది ఫ్యాన్ క్లిప్పులు తీసి పక్కన పెడితే, దాని వెనక హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు భాగం) రేకుల అంచుల మీద బూడిదరంగు దుమ్ము ఒక పొరలా అతుక్కుని కనిపిస్తుంది. ఫ్యాన్ ఉండగా బయటి నుంచి అది కంటపడదు. ఆ పొర ఉన్నంతకాలం ఫ్యాన్ ఎంత గట్టిగా తిరిగినా గాలి రేకుల మధ్యకు వెళ్లదు.

శుభ్రం చేసే ముందు స్విచ్ ఆపి, కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల చెయ్యి పెట్టేముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. మెత్తటి బ్రష్‌తో గానీ గాలి డబ్బాతో గానీ దులపండి. డబ్బాను నిలువుగానే పట్టుకోవాలి, వంచితే చల్లటి ద్రవం బయటికి చిమ్ముతుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఉంచండి. అడ్డూఅదుపూ లేకుండా గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌ను మదర్‌బోర్డు దగ్గరికి తీసుకెళ్లొద్దు, స్టాటిక్ పుట్టిస్తుంది. పవర్ సప్లై డబ్బా మూత ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. కరెంటు తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత ఛార్జ్ మిగిలి ఉంటుంది.

థర్మల్ పేస్ట్‌ను ఏటా మార్చాలన్న నియమం ఏమీ లేదు. దుమ్ము దులిపాక కూడా తేడా తగ్గకపోతేనే ఆ పని పెట్టుకోండి. ఒకసారి కూలర్ ఊడదీస్తే మాత్రం పాత పేస్ట్ తుడిచి కొత్తది వేయాల్సిందే. ఏఎమ్4 సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న రైజెన్ వాడేవాళ్లు ఇక్కడ బాగా జాగ్రత్తపడాలి. పేస్ట్ గట్టిపడి ఉన్నప్పుడు కూలర్‌ను నిటారుగా లాగితే దాంతోపాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. విప్పే ముందు కంప్యూటర్‌ను కాసేపు బాగా పని చేయించి పేస్ట్‌ను వెచ్చబడనివ్వండి. తర్వాత కరెంటు తీసేసి, కూలర్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ వదులు చేసి లేపండి. దాని తర్వాత వచ్చిన ఏఎమ్5 సాకెట్‌లో, ఈమధ్యకాలపు ఇంటెల్ సాకెట్లలో ప్రాసెసర్‌ను ఒక చట్రం పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ బెడద లేదు.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూగు రాలని గుడ్డ తడిపి తుడవాలి. కొత్తది మధ్యలో బఠాణీ గింజంత చాలు, కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. స్క్రూలను ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకుండా, ఎదురెదురు మూలల్లోవి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. కొత్త కూలర్ అయితే అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోండి. ఇది చాలామందికి జరిగే పొరపాటే.

ఇక చప్పుడు. ఫ్యాన్ ఒకే స్థాయిలో మోగుతుంటే కాసేపటికి చెవికి అలవాటైపోతుంది. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఒక్కసారిగా గొంతు పెంచి, మళ్లీ తగ్గే ఫ్యానే చిరాకు పెడుతుంది. ప్రాసెసర్ వేడి క్షణాల్లో పది పదిహేను డిగ్రీలు ఎగిరి పడుతుంటుంది, ఫ్యాన్ దాని వెంట పరిగెత్తాల్సిన పనిలేదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగులు) ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చూపే గీత తెరిచి, 60, 65 డిగ్రీల దాకా గీతను చదునుగా ఉంచండి, అక్కడి నుంచి మెల్లగా ఎక్కనివ్వండి. వేగం మారడానికి కొన్ని సెకన్లు ఆగే సెట్టింగ్ ఉంటే అది కూడా పెట్టండి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి ఒక ఫ్యాన్‌ను గట్టిగా తిప్పడం కంటే రెండింటిని నెమ్మదిగా తిప్పడం నయం.

క్యాబినెట్‌లో గాలి ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి పోవాలి. ఫ్యాన్‌కు చట్రపు కమ్మీలు కనిపించే వైపు నుంచే సాధారణంగా గాలి బయటికి వస్తుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. పక్క తలుపు తీసి అదే లోడ్ మళ్లీ నడపండి. వేడి బాగా తగ్గిందంటే లోపం కూలర్‌ది కాదు, క్యాబినెట్‌లోకి గాలి చాలడం లేదు. టేబుల్ అరలో గోడకు ఆనించి పెట్టినవాళ్లు ముందు దాన్ని బయటికి లాగండి.

నన్నడిగితే కొత్త కూలర్ కొనే ముందు ప్రాసెసర్ తాగే కరెంటు తగ్గించి చూడమంటాను. 105 వాట్ల రకం రైజెన్‌ను 65 వాట్ల ఎకో మోడ్‌లో (తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగ్) పెడితే అది నిజంగా తాగగల కరెంటు పరిమితి 142 నుంచి 88 వాట్లకు దిగుతుంది. గేముల్లో ఆ తేడా చాలాసార్లు తెలియను కూడా తెలియదు. ఇంటెల్‌లో పీఎల్1 (ఎక్కువసేపు తాగే కరెంటుకు), పీఎల్2 (కాసేపు తాగే కరెంటుకు) అనే పరిమితులు చూడండి. కొన్ని మదర్‌బోర్డులు వాటిని అడ్డూ ఆపూ లేకుండా వదిలేసి అమ్ముతాయి. వోల్టేజీ తగ్గించడం కూడా బాగా పనిచేస్తుంది కానీ తొందరపడొద్దు, కొద్దికొద్దిగా తగ్గిస్తూ ప్రతిసారీ లోడ్ పెట్టి పరీక్షించండి.

ప్రాసెసర్‌ను పంపు, రేడియేటర్‌లతో ద్రవం తిప్పి చల్లబరిచే వాటర్ కూలర్ ఉన్నవాళ్లు పంపు కంటే రేడియేటర్ పైభాగం ఎత్తులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే గాలి బుడగలు పంపులో చేరి గుడగుడలాడతాయి. పంపును ఫ్యాన్ కర్వ్‌కు వదలకండి, తయారీదారు చెప్పిన వేగంలో నిలకడగా తిరగనివ్వండి. పంపు ఆగిపోతే కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికే, ఏ పనీ లేకుండానే, వేడి హద్దుకు చేరుతుంది.

అంతా బిగించాక ఏ వైరూ ఫ్యాన్ రెక్కలకు తగలకుండా కట్టేయండి, కూలర్ ఫ్యాన్ వైరును మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే గుచ్చండి. అది ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ చూపించి అక్కడే నిలబడిపోతాయి. తెర వెలిగాక మొదట సినీబెంచ్ పెట్టి, ముందు రాసుకున్న తేడాతో పోల్చి చూసి, ఆ తర్వాతే పక్క తలుపు స్క్రూలు బిగించండి.