అక్వేరియం ఫ్రేమ్ అడ్డపట్టీ విరిగితే: నాకు పనిచేసింది ఇది

మా నాలుగడుగుల ట్యాంకు పై ఫ్రేమ్‌లో ముందు, వెనక అద్దాలు ఉబ్బకుండా పట్టి ఉంచే మధ్య ప్లాస్టిక్ అడ్డపట్టీ విరిగి, ముందు అద్దం నడుమ బయటికి ఉబ్బింది. స్కేలు ఆనిస్తే సందు కనపడేది. ఇన్‌స్టంట్ గమ్, ఎంసీల్, నైలాన్ తాడు అన్నీ అయ్యాయి, నీళ్లు నింపితే ఊడిపోవడమే.

చివరికి ప్లాస్టిక్‌ను వదిలేసి గాజుకి గాజే అతికించా. ముందు చేపల్ని పాత నీళ్లతోనే టబ్బులోకి మార్చి ట్యాంకు ఖాళీ చేశా, ఉబ్బు నీటి ఒత్తిడిదే కాబట్టి అద్దం చాలావరకు దానంతటదే వెనక్కొచ్చింది. తిరుచానూరు రోడ్డులో అద్దాలు కోసే అన్న దగ్గర మూడు గాజుపట్టీలు, అంచులు అరగదీయించి తెచ్చా: ముందూ వెనకా నిడివిగా రెండు, వాటి మీద అడ్డంగా ఒకటి.

అసలు పని శుభ్రం చేయడంలోనే ఉంది. మా తిరుపతి బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా, ఫ్రేమ్ కింద తెల్లచార గట్టిపడి ఉంటుంది. దాన్ని వెనిగర్‌తో నానబెట్టి, బ్లేడుతో గీకి, ప్లాస్టిక్‌కి తగలకుండా ఎసిటోన్‌తో తుడిచా. పట్టీలు అతికించే సిలికాన్ గమ్ మాత్రం ఫంగస్ మందు కలపనిదే కొనండి, బాత్రూముకి వాడేది చేపలకి విషం. వడ్రంగి క్లాంపుకి రబ్బరు ముక్కలు పెట్టి, స్కేలు అద్దానికి సమంగా ఆనేవరకే బిగించా, అంతకు మించితే పగులుతుంది. సిలికాన్‌తో అతికించిన పట్టీలు జారకుండా టేపు, కింద చెక్కల ఆసరా పెట్టా. సిలికాన్ ఘాటు వాసన పూర్తిగా పోయాకే క్లాంపు తీసి, సగం నింపి చూసి, తర్వాత మిగతాది నింపా.

అడుగు ఫ్రేమ్ పగిలినా, మూలల్లో కారుతున్నా ఇది పనికిరాదు. ఆరడుగుల ట్యాంకుకి ఒక్క అడ్డపట్టీ చాలుతుందని నేనైతే చెప్పలేను.