ఆగని మూర్ఛ – మూడవ పాఠం: గడియారం చూడటం

మూర్ఛ వచ్చినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తనిది పెట్టడం, కాళ్లూ చేతులూ అదిమి పట్టకుండా, నోట్లో ఏదీ పెట్టకుండా ఉండటం గత పాఠంలో అభ్యసించాము. ఈసారి నేర్చుకోవలసిన పని చాలా చిన్నది: కుదుపులు మొదలైన వేళను గుర్తించడం. కంగారులో ఒక నిమిషం పది నిమిషాలుగా తోస్తుంది. ఒక్కోసారి పదిహేను నిమిషాలు తెలియకుండానే గడిచిపోతాయి. కనుక అంచనాను నమ్మకుండా గడియారం చూసి వేళను పైకి చెప్పండి, వీలైతే రాసిపెట్టండి.

ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకునే మూర్ఛ చాలామందిలో రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా ఆగినట్టే ఆగి తెలివి రాకముందే మళ్లీ వస్తే, వైద్యులు దాన్ని స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు. ఒకప్పుడు 30 నిమిషాలు దాటితేనే ఈ పేరు పెట్టేవారు. 2015లో మూర్ఛ వ్యాధి నిపుణుల అంతర్జాతీయ సంస్థ ఇంటర్నేషనల్ లీగ్ ఎగైనెస్ట్ ఎపిలెప్సీ ఇచ్చిన నిర్వచనంలో ఈ రకం మూర్ఛకు రెండు గడువులున్నాయి: చికిత్స మొదలుపెట్టడానికి 5 నిమిషాలు, మెదడుకు దీర్ఘకాలిక నష్టం కలిగే ప్రమాదానికి 30 నిమిషాలు. రెండవ గడువు దాకా వేచి చూడవచ్చని దీని అర్థం కాదు. ఐదవ నిమిషానికే అంబులెన్సును పిలవాలి. ఇదే మొదటి మూర్ఛ అయినా, దెబ్బ తగిలినా, ఊపిరి కష్టమైనా, గర్భిణి అయినా ఆ ఐదు నిమిషాలు కూడా ఆగకూడదు.

ఆలస్యమైన కొద్దీ మందు ఎందుకు పట్టదో తెలిస్తే ఈ తొందర అర్థమవుతుంది. మెదడు ఉద్రేకాన్ని అణచే గాబా గ్రాహకాలు (నాడీకణం మీద రసాయన సంకేతాలను అందుకునే భాగాలు) మూర్ఛ సాగుతున్నకొద్దీ నాడీకణం పైపొర నుంచి లోపలికి వెళ్లిపోతాయి. ఉద్రేకాన్ని పెంచే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు అదే సమయంలో పైకి చేరుతాయి. మూర్ఛను ఆపడానికి మొదట ఇచ్చే మందులైన లొరాజెపామ్, మిడజొలామ్, డయజెపామ్ పనిచేసేది ఆ గాబా గ్రాహకాల మీదే కాబట్టి, మొదట్లో ఒక మోతాదుకు లొంగే మూర్ఛ తర్వాత రెండు మోతాదులకూ లొంగకపోవచ్చు. ఆసుపత్రికి చేరకముందు కండరానికిచ్చే మిడజొలామ్ నరానికిచ్చే లొరాజెపామ్‌కు తీసిపోదని 2012లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. కొట్టుకుంటున్న చేతిలో నరం వెతికే సమయం అక్కడ కలిసివచ్చింది. వీటికి లొంగనప్పుడు లెవెటిరాసెటామ్, ఫాస్‌ఫెనిటాయిన్, వాల్‌ప్రొయేట్‌లలో ఒకటి ఇస్తారు. 2019లో పోల్చి చూసినప్పుడు ఈ మూడింటిలో ప్రతిదీ సుమారు సగం మందిలోనే పనిచేసింది.

వయసును బట్టి మారేది ముఖ్యంగా మూర్ఛ రూపమూ కారణమూ. నవజాత శిశువులో ఒళ్లంతా కొట్టుకోకపోవచ్చు. కళ్లు ఒక పక్కకు నిలిచిపోవడం, పెదవులు చప్పరించడం, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించడం, కాసేపు ఊపిరి ఆగడం మాత్రమే కనిపిస్తాయి. వారికి ఐదు నిమిషాల లెక్క వద్దు, అనుమానమే చాలు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జ్వరంతో వచ్చే ఫిట్స్ ఎక్కువ. అవి సాధారణంగా త్వరగా ఆగుతాయి గానీ, జ్వరమే కదా అని గడియారాన్ని పక్కన పెట్టకూడదు. పెద్దవారిలో మూర్ఛ మందులు మానేయడం, మద్యం ఒక్కసారిగా ఆపడం, మెదడుకు ఇన్ఫెక్షన్ తరచుగా కనిపించే కారణాలు.

నా దృష్టిలో ఎక్కువగా పొరబడేది వృద్ధుల విషయంలో. పక్షవాతం వచ్చిన తర్వాత కుదుపులేమీ లేకుండానే మూర్ఛ గంటల తరబడి సాగవచ్చు. మనిషి మగతగా, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒకే చోట చూస్తూ ఉంటే ఇంటివారు వయసు మీద పడిందనో నిద్రమత్తనో అనుకుంటారు. దీన్ని తేల్చి చెప్పేది మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష ఒక్కటే. ఇలాంటివారి దగ్గర రాసుకోవలసింది కుదుపుల వేళ కాదు, ఆయన లేదా ఆమె చివరిసారి మామూలుగా మాట్లాడిన వేళ. ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది కూడా ఈ వయసులోనే.

అభ్యాసం: ఒక వ్యక్తికి 7.10కి కుదుపులు మొదలై 7.13కి ఆగాయి, పిలిస్తే పలకలేదు, 7.16కి మళ్లీ మొదలయ్యాయి. మీరు అంబులెన్సు సిబ్బందికి ఏ వేళ నుంచి లెక్క చెబుతారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. జవాబును నాలుగవ పాఠంలో పరిశీలిద్దాం.