ఎర్ర గీత పడని తప్పులు: ఒకేలా కనిపించే ఇంగ్లిష్ మాటల సమస్య, పరిష్కారం

సమస్య: ఉత్తరం టైపు చేశారు, కంప్యూటర్ ఎక్కడా ఎర్ర గీత గీయలేదు, అయినా చదివినవారు తప్పుందంటున్నారు. ఒక మాట రావలసిన చోట దాని జంట మాట పడింది. రెండూ నిఘంటువులో ఉన్నవే కనుక స్పెల్లింగ్ చూసుకున్నంత మాత్రాన అది దొరకదు.

మొదట చూడవలసినది: ఆ చోట నామవాచకం కావాలా, క్రియ కావాలా? ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా నా దగ్గరకు తెచ్చిన కాగితాలకు లెక్క లేదు. 'సలహా' అయితే అడ్వైస్, చివర సి, ఇ. 'సలహా ఇవ్వడం' అయితే అడ్వైజ్, చివర ఎస్, ఇ. బ్రిటిష్ పద్ధతిలో లైసెన్సుకూ ఇదే సూత్రం. మన డ్రైవింగ్ లైసెన్సు కార్డు మీద ఆ మాట సి, ఇ అక్షరాలతో ముగిసేది అందుకే.

దాగి ఉండే కారణం: మనం ఇంగ్లిష్ మాటకు 'అవు', 'చేయు' తగిలించి క్రియగా వాడుకుంటాం. 'సక్సెస్ అయ్యాడు', 'డెత్ అయ్యారు' అంటాం. తెలుగులో దానితో ఇబ్బంది లేదు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం 'అయ్యారు' జారిపోయి, నామవాచకం ఒక్కటే క్రియ స్థానంలో కూర్చుంటుంది. ఒక విద్యార్థి లీవ్ లెటర్‌లో 'మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ డెత్' అని రాశాడు. డెత్ అంటే మరణం, డెడ్ అంటే ప్రాణం లేని స్థితి, డైడ్ అంటే మరణించారు. అక్కడ కావలసినది డైడ్. ఇలాంటివి స్పెల్లింగ్ లోపాలనుకొని నేను చాలాకాలం పదేసిసార్లు రాయించాను, మరుసటి వారం అవే తప్పులు తిరిగి వచ్చేవి.

పరిష్కారం: రాసే ముందు ఆ మాటను పూర్తిగా తెలుగులో చెప్పుకోండి. 'పంట ఎఫెక్ట్ అయ్యింది' అంటే 'దెబ్బతింది', అది క్రియ, కనుక 'ఏ' (A) అక్షరంతో మొదలయ్యే అఫెక్ట్ రావాలి. 'వానల ఎఫెక్ట్' అంటే 'ప్రభావం', అది నామవాచకం, కనుక ఇ అక్షరంతో ఎఫెక్ట్. 'సక్సెస్ అయ్యాడు' అంటే 'నెగ్గాడు', కనుక సక్సీడెడ్.

ఒక్క జంట దగ్గర మాత్రం చెవి కూడా మోసం చేస్తుంది. 'చొక్కా లూజుగా ఉంది' అని మనం జకారంతో పలికే మాట ఇంగ్లిష్‌లో సకారంతో ముగుస్తుంది, దానికి రెండు ఓలు. జకారం నిజంగా ఉన్నది 'పోగొట్టుకోవడం' అనే అర్థమిచ్చే లూజ్ (lose) అనే మాటకు, దానికి ఒకే ఓ.

స్టేషనరీ అని పలికే మరో జంట విషయం ఇంతే: పెన్నులూ కాగితాలూ అయితే 'ఆర్'కు ముందు 'ఇ', కదలనిది అయితే 'ఏ'. 'ఎఫెక్ట్' క్రియగా వచ్చే సందర్భమూ ఉంది, కానీ దరఖాస్తుల్లో దాని అవసరం దాదాపు రాదు.