ఆదివారం జరిగే ముంబై మారథాన్‌కి ముందు శుక్ర, శనివారాలు

ముందుగా బిబ్, అంటే చొక్కాకి పెట్టుకునే నంబరు చీటీ సంగతి. పరుగు రోజు పొద్దున ఇవ్వరు, పరుగుకి ముందు రోజుల్లో జరిగే ఎక్స్‌పోకి (ప్రదర్శనకి) వెళ్ళి తెచ్చుకోవాల్సిందే, కాబట్టి హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు శుక్రవారానికే చేరుకోండి, ఐడీ కార్డు చేతి సంచిలోనే ఉంచుకోండి.

- బూట్లు, పరుగు బట్టలు లగేజీలో వేయొద్దు. ఎక్స్‌పోలో కొన్న కొత్త బూట్లతో అస్సలు పరిగెత్తొద్దు.

- బస సీఎస్‌ఎంటీ రైల్వే స్టేషన్ దగ్గర, ఫోర్ట్ వైపు చూసుకోండి. ఫుల్ మారథాన్ (42 కిలోమీటర్ల పరుగు) అక్కడే, ఇంకా చీకటి ఉండగానే మొదలవుతుంది.

- శనివారం కాళ్ళకి విశ్రాంతి. గేట్‌వే, కొలాబా, మెరైన్ డ్రైవ్ అంటూ తిరిగితే తెలియకుండానే పది కిలోమీటర్లు నడిచేస్తారు, ఆ అలసట 35 కిలోమీటర్లు దాటాక పెడ్డర్ రోడ్డు ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది, నా మాట నమ్మండి. ఊరు చూడాలనుంటే సోమవారం ఉండిపోండి.

- పావ్ భాజీ, వడా పావ్ పరుగు అయ్యాకే. శనివారం రాత్రి పెందలాడే పెరుగన్నమో ఇడ్లీయో చాలు.

- జనవరిలోనూ అక్కడ ఉక్కపోతగానే ఉంటుంది, శనివారమంతా కొంచెం కొంచెంగా నీళ్ళు తాగుతూ ఉండండి.

- టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, కంగారుపడకండి, శుక్రవారం రాత్రి బాగా పడుకోండి.