వినియోగదారుల కేసు ఓడిపోతే రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు వేయడం ఎలా?

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు పోయిందని ఎవరైనా నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఆదేశం సర్టిఫైడ్ కాపీ, అంటే కమిషన్ ధ్రువీకరించి ఇచ్చే నకలు. దుకాణదారు చేసిన మోసం సంగతి తర్వాత వింటాను. ఎందుకంటే అప్పీలు వేసేది ఆ ఆదేశం మీద. కమిషన్ ఏ పేరాలో, ఏ కాగితాన్ని పట్టించుకోకుండా పొరబడిందో చూపించగలిగితేనే పై కమిషన్ మన మాట వింటుంది.

ముందు గడువు చూసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం ఆదేశం తేదీ నుంచి 45 రోజుల్లోగా రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు వేయాలి. కాపీ ఆలస్యంగా అందినా సరే, ఆదేశం మీద ఉన్న తేదీ నుంచే లెక్క వేసుకోవడం క్షేమం. కాపీ వచ్చిన కవరు మాత్రం పారేయకండి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమంటూ అఫిడవిట్‌తో (ప్రమాణ పత్రంతో) విడిగా పిటిషన్ పెట్టాలి, అప్పుడు ఆ తపాలా ముద్రే అక్కరకు వస్తుంది. ఒంట్లో బాగాలేదని రాస్తే చాలదు, ఆస్పత్రి కాగితాలు జతచేయాలి. మధ్యవర్తిత్వంలో రాజీతో ముగిసిన కేసుకు అప్పీలు లేదు.

అసలు పని అప్పీలు మెమోలో, అంటే మన అభ్యంతరాలు రాసి దాఖలు చేసే కాగితంలో ఉంది. పెన్సిలు పట్టుకుని ఆదేశం మొత్తం చదవండి. మీకు వ్యతిరేకంగా తేల్చిన ప్రతి వాక్యం కింద గీత గీయండి. ఒక్కో గీతకు ఒక్కో అభ్యంతరం, వరస సంఖ్యతో, క్లుప్తంగా రాయండి. ఆమధ్య ఒక ఫ్రిజ్ కేసులో, లోపం ఉందని నిపుణుడి నివేదిక లేదంటూ ఫిర్యాదు కొట్టేశారు. ఫిర్యాదు చేసిన అమ్మ నాలుగు పేజీల నిండా తన గోడు రాసుకొచ్చింది. అదంతా పక్కన పెట్టి ఇలా రాశాం: "కంపెనీ మెకానిక్ ఇచ్చిన జాబ్ షీట్లు (మరమ్మతు చీటీలు) ఎ-4, ఎ-5 అన్న సాక్ష్యం నంబర్లతో ఫైలులో ఉన్నాయి. కంప్రెసర్ రెండుసార్లు మార్చినట్లు వాటిలోనే ఉంది. ఆదేశంలో వాటి ప్రస్తావనే లేదు." జిల్లా కమిషన్‌లో ఫైలు చేసిన కాగితాల్లో ఉన్నదే మన బలం. ఇప్పుడు కొత్త సాక్ష్యం తెస్తామంటే మామూలుగా ఒప్పుకోరు.

మెమోకు సర్టిఫైడ్ కాపీ జతచేయాలి. రాష్ట్ర కమిషన్ ఆంధ్రప్రదేశ్ వారికి విజయవాడలో, తెలంగాణ వారికి హైదరాబాద్‌లో ఉంది. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ప్రభుత్వ వెబ్‌సైటు ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. లాయరును పెట్టుకోవాలన్న నిబంధన లేదు, మీరే వాదించుకోవచ్చు.

మీరు గెలిచి, అవతలి కంపెనీ అప్పీలుకు వెళ్లినట్లు నోటీసు వస్తే గాబరా పడవద్దు. చెల్లించమన్న సొమ్ములో సగం జమ చేయనిదే వాళ్ల అప్పీలు విచారణకు తీసుకోకూడదని అదే 41వ సెక్షన్ చెబుతోంది. మొదటి వాయిదాలోనే ఆ జమ సంగతి అడగండి. అప్పీలు వేసినంత మాత్రాన జిల్లా కమిషన్ ఆదేశం ఆగిపోదు. రాష్ట్ర కమిషన్ స్టే ఇవ్వకపోతే (ఆదేశం అమలును ఆపకపోతే) జిల్లా కమిషన్‌లో 71వ సెక్షన్ కింద అమలు పిటిషన్ వేసుకోవచ్చు. రాష్ట్ర కమిషన్ తీర్పు మీద ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కు రెండో అప్పీలు ఉంది గానీ, దానికి గడువు 30 రోజులే. అదీ చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉంటేనే. ఫ్రిజ్ చల్లబడిందా లేదా అన్న వాదన అక్కడ చెల్లదు.