వైజాగ్ నుంచి ఫ్లైట్ ఎక్కుతున్నారా? ల్యాప్‌టాప్ ఛార్జింగ్ సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోండి

మొన్న మా పెద్దమ్మ కొడుకు మధురవాడ నుంచి ఫోన్ చేసి "ఒరేయ్, ఢిల్లీ మీదుగా అమెరికా వెళ్తున్నాను, దారిలో ప్రెజెంటేషన్ పూర్తి చెయ్యాలి, పెద్ద పవర్ బ్యాంక్ ఒకటి కొనేస్తే సరిపోద్ది కదా" అన్నాడు. సరిపోదు అన్నయ్యా అని చెప్పాను. కొన్నేళ్ల కిందట అయితే నేనూ కొనేయమనే అనేవాణ్ణి, కానీ ఇప్పుడు రూల్స్ మారిపోయాయి, చాలామందికి ఇంకా తెలీదు, అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా.

ముందు పవర్ బ్యాంక్ సంగతి. 2025 జనవరి 28న కొరియాలో బుసాన్ దగ్గర గిమ్హే ఎయిర్‌పోర్ట్‌లో టేకాఫ్‌కి ముందే ఒక విమానం తగలబడింది, అందరూ బయటపడ్డారు గానీ పవర్ బ్యాంక్ లోపలే షార్ట్ అయ్యుండొచ్చని అక్కడి అధికారులు చెప్పారు. అప్పట్నుంచి ఒక్కో ఎయిర్‌లైన్ బిగించేస్తూ వచ్చింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్, స్కూట్ 2025 ఏప్రిల్ 1 నుంచి, ఎమిరేట్స్ అక్టోబర్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడనివ్వట్లేదు. మన దేశంలో విమానాల రూల్స్ చూసే డీజీసీఏ కూడా 2025 చివర్లో ఇచ్చిన సర్క్యులర్‌లో అదే చెప్పింది. అంటే పట్టుకెళ్లొచ్చు, కానీ గాల్లో ఉండగా దాంతో ఫోన్ ఛార్జ్ చెయ్యకూడదు, దాన్ని సీటు ప్లగ్‌లో పెట్టి ఛార్జ్ చెయ్యకూడదు, పైన సామాన్లు పెట్టే బిన్‌లో కూడా పెట్టకూడదు, మీ దగ్గరే ఉంచుకోవాలి. చెక్-ఇన్ బ్యాగ్‌లో అయితే అస్సలు వద్దు.

మరి ఎందుకు పట్టుకెళ్లడం అంటే, ట్రాన్సిట్ కోసం. ఢిల్లీలోనో దుబాయ్‌లోనో నాలుగైదు గంటలు కూర్చున్నప్పుడు ప్లగ్ పాయింట్ దగ్గర జనం ఉంటారు, అప్పుడు అదే దిక్కు. కొనేటప్పుడు లెక్క ఇలా చూడండి: దాని మీద రాసుండే ఎంఏహెచ్‌ని 3.7తో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో ఆ లెక్క వస్తుంది. 20,000 ఎంఏహెచ్ అంటే 74, 27,000 అంటే 99.9. వంద దాటకపోతే మామూలుగా ఇబ్బంది లేదు, వంద నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలి, ఆపైన కుదరదు. ద్వారకానగర్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా దాని మీద కెపాసిటీ స్పష్టంగా ప్రింట్ అయ్యుందో లేదో చూసుకోండి, అక్షరాలు చెరిగిపోయినవి సెక్యూరిటీలో ఆపేయొచ్చు.

ఇప్పుడు అసలు పని. ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపేసే ఆప్షన్ ఉంటే ఆఫ్ చెయ్యండి. ఒకసారి నేను ఇది మర్చిపోయి రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను, పొద్దున్న చూస్తే 80 మీదే ఉంది, బెంగళూరు దిగేలోపు పని సగంలో ఆగిపోయింది. ఆ ఇరవై శాతం చిన్నదేం కాదు. 50 వాట్ అవర్ బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ ఉత్త టైపింగ్‌కి గంటకి ఒక పది వాట్ అవర్ తాగితే ఐదు గంటలొస్తుంది, అందులో ఇరవై శాతం అంటే ఒక గంట పని. కావాల్సిన ఫైళ్లు, సినిమాలు ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసేసుకోండి.

తర్వాత మీ ఫ్లైట్‌లో ప్లగ్ ఉందో లేదో చూడండి. వైజాగ్ నుంచి హైదరాబాద్, చెన్నై లాంటి చిన్న ప్రయాణాల్లో చాలా విమానాల్లో సీటు దగ్గర ల్యాప్‌టాప్ ప్లగ్ ఉండదు, రెక్కలకి ఫ్యాన్లుండే చిన్న ఏటీఆర్ విమానంలో అయితే ఆశే పెట్టుకోవద్దు, గంటా గంటన్నర కాబట్టి బ్యాటరీ మీదే లాగించేయొచ్చు. పెద్ద విమానాలకి ఎయిర్‌లైన్ సైట్‌లో విమానం మోడల్, సీటు వివరాలు ఉంటాయి. ఎకానమీలో రెండు మూడు సీట్లకి కలిపి ఒకటో రెండో ప్లగ్‌లే ఇచ్చే విమానాలున్నాయి, పక్కవాళ్లతో సర్దుకోవాలి.

ప్లగ్ ఉందని సంబరపడేముందు మీ అడాప్టర్ వెనక వాటేజీ చదవండి. సీటు ప్లగ్‌లో సాధారణంగా వచ్చేది 110 వోల్టులు, మన అడాప్టర్లు ఎక్కువ శాతం 100 నుంచి 240 దాకా తీసుకుంటాయి కాబట్టి అది సమస్య కాదు, సమస్య వాట్లతోనే. ఒక్కో సీటుకి లిమిట్ ఉంటుంది, 45, 65 వాట్ల ఆఫీసు ల్యాప్‌టాప్‌లు మామూలుగా బానే నడుస్తాయి, 180, 230 వాట్ల గేమింగ్ ల్యాప్‌టాప్ పెడితే కరెంటు కట్ అయిపోద్ది, ప్లగ్ పక్కనుండే గ్రీన్ లైటు కూడా ఆరిపోద్ది. అలా అయితే ప్లగ్ తీసేసి కాసేపాగి, ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి మళ్లీ పెట్టండి, వాడుతూ ఛార్జ్ చేస్తేనే ఎక్కువ లాగుతుంది. ఫుల్ ఛార్జ్‌తో ఎక్కినవాళ్లకి ఈ బాధ తక్కువ. మన లావు మూడు పిన్నుల ప్లగ్ అక్కడ సరిగ్గా పట్టకపోవచ్చు, పట్టినా వదులుగా ఉండి అడాప్టర్ బరువుకి ఊడిపోతూ ఉంటుంది, అందుకే ఒక ట్రావెల్ అడాప్టర్ బ్యాగ్‌లో పడేసుకోండి. పాత రకం యూఎస్‌బీ పోర్ట్ ఫోన్‌కే, అదీ నెమ్మదిగా. కొత్త విమానాల్లో సీ టైప్ పోర్ట్ ఉంటే దాంతో కొన్ని ల్యాప్‌టాప్‌లు కూడా ఎక్కుతాయి, కాబట్టి సీ టు సీ కేబుల్ మర్చిపోవద్దు.

గాల్లో పని చేసేటప్పుడు బ్రైట్‌నెస్ తగ్గించండి, వైఫై, బ్లూటూత్ అవసరం లేకపోతే ఆపండి, బ్రౌజర్‌లో తెరిచిపెట్టిన ట్యాబ్‌లు మూసేయండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే సిగ్నల్ కోసం వెతుక్కోవడం ఆగి ఛార్జ్ మిగులుతుంది. ల్యాప్‌టాప్‌ని దుప్పటి మీద పెట్టి ఛార్జ్ చెయ్యొద్దు, వేడి బయటికి పోదు.

చివరి నిమిషంలో గేటు దగ్గర "క్యాబిన్ బ్యాగ్ కింద వేస్తాం, ఇచ్చెయ్యండి" అంటే కంగారులో ఇచ్చేయకుండా ముందు పవర్ బ్యాంక్, ల్యాప్‌టాప్ బయటికి తీసుకోండి. ఫోన్ సీటు సందులో పడిపోతే సీటు అటూ ఇటూ కదపకుండా క్రూని పిలవండి, నలిగితే బ్యాటరీ అంటుకోవచ్చు. ఏ వస్తువైనా బాగా వేడెక్కినా, ఉబ్బినా, వాసనొచ్చినా మొహమాటపడకుండా వెంటనే చెప్పెయ్యండి, వాళ్లకి దానికే ట్రైనింగ్ ఉంటుంది.